నాలుగోది మట్టిలో పెట్టలేదు

నాలుగోసారి కడుపు పోయిన పొద్దున నేను చేసిన మొదటి పని తలుపు గడియ పెట్టడం. గడియకు అవతల మా అత్త రాధాబాయి ఉంది. ఆమె చేతిలో పాత చీర ముక్క ఉంటుందని చూడకుండానే చెప్పగలను. అంతకుముందు మూడుసార్లూ అదే జరిగింది. నన్ను గోడవైపు తిరిగి పడుకోమంటుంది, వచ్చినదాన్ని గుడ్డలో చుట్టుకుంటుంది, ఇంటి వెనక పాతిపెట్టి వచ్చి చేతులు కడుక్కుంటుంది. తల్లి దాన్ని చూడకూడదు, ఎక్కడ పెట్టారని అడగకూడదు. మా ఇంటి పద్ధతి అది. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు కానీ, ఏడ్చేదాన్ని అడిగి పెట్టలేదని మాత్రం తెలుసు.

మాది కురవి దగ్గర లంబాడీ తండా. ఇంట్లో మా భాషే మాట్లాడుకుంటాం. ఆ మాటల్ని ఇక్కడ మా వైపు తెలుగులోకి మార్చి రాస్తున్నాను.

"తలుపు తియ్యి సౌందర్యా," అంది అత్త. "దాన్ని నువ్వు చూడొద్దు. చూస్తె మల్ల గిట్లనే అయితది."

"మూడుసార్లు చూడలే గద యాడీ. మల్ల గిట్లనే అయింది."

యాడీ అంటే అమ్మ. అత్తను కూడా నేను అలాగే పిలుస్తాను. ఇక అసలు కోపం బయటికి వచ్చింది.

"రోడ్డు మీద కూసోకే అని చెప్పిన. విన్నవా? వారం దినాల సంది ఇంట్ల కాలు పెట్టకపోతివి."

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బళ్లు బంద్, బస్సులు బంద్, బొగ్గు బావులు బంద్. నేను తండా బడిలో టీచర్ని. మిగతా టీచర్లతో పాటు కురవి చౌరస్తాలో కూర్చున్నాను, నినాదాలిచ్చాను, రోడ్డు మీద వండిన అన్నం రోడ్డు మీదే తిన్నాను.

"రోడ్డు మీద కూసుంటె కడుపు పోయేటట్టయితే ఈ యేడు తెలంగాణల ఒక్క పిల్ల పుట్టొద్దు," అన్నాను. నడుము విరిగిపోతున్నా ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

నాకు కడుపు పోయినప్పుడల్లా కారణం చెప్పేవాళ్లు తయారుగా ఉంటారు. మొదటిసారి బొప్పాయి తిన్నానన్నారు. నేను పుట్టి బుద్ధెరిగి బొప్పాయి ముట్టలేదు, నాకు ఆ వాసనే పడదు. రెండోసారి గ్రహణం రోజు కత్తిపీట పట్టానన్నారు. మూడోసారి బడికి నడిచి వెళ్లానన్నారు. మా బడి ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో ఉంటుంది. కారణాలు మారేవి, కారణం చేసిన మనిషి మాత్రం ప్రతిసారీ నేనే. మూడోది పోయాక తండా పెద్ద లచ్చిరాం కాకా మా ఇంటికొచ్చి, నాకేదో మేలు చేస్తున్నట్టు, "ఇంకొక్కసారి చూద్దాం," అన్నాడు. ఈసారి కూడా నిలవకపోతే మా ఆయన కుమార్‌కి ఇంకో పిల్లను తేవాలని, దీపావళి దాటాక పంచాయితీలో తేల్చాలని అనుకున్నారు. గార్ల దగ్గర ఒక పిల్లను చూసి కూడా పెట్టారు. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లట.

కాబట్టి ఆ పొద్దున తలుపు వెనక నేను బిడ్డను పోగొట్టుకుని కూర్చోవడమే కాదు, నా ఇంటిని కూడా సగం పోగొట్టుకుని కూర్చున్నాను. మిగిలిన సగం ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఉంది. అది మానుకోటలో డాక్టరమ్మ ఇచ్చిన సీసా. మహబూబాబాద్‌ని మేం మానుకోట అనే అంటాం.

డాక్టరమ్మ పేరు సునంద. జనగామలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే కోమట్ల ఇంటి ఆడపిల్ల. రెండోసారి పోయినప్పటినుంచీ ఆమె దగ్గరికే వెళ్తున్నాను. థైరాయిడ్ చూసింది, షుగర్ చూసింది, గర్భసంచిలో అడ్డుగోడ ఏమైనా ఉందేమోనని స్కానింగ్ తీయించింది, రక్తం గడ్డకట్టే జబ్బుందేమోనని పెద్ద పరీక్షలు రాసింది. అన్నీ బాగున్నాయి. బాగున్నాయంటే సంతోషపడాలి కదా, నాకు ఒళ్లు మండింది. కారణం దొరకలేదంటే మా తండాలో కారణం నేనేనని అర్థం.

అప్పుడామె, "మల్లొకసారి ఇట్లయితే వచ్చినదాన్ని పారెయ్యకుండ్రి. చెడిపోకుంట నా దగ్గరికి తెండ్రి," అంది. మూడోది పోయినప్పుడు కుమార్ సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. నేను ఏడ్చి గొడవ చేస్తే, తల్లిని ఒప్పించి, డాక్టరమ్మ చెప్పినట్టే చెడిపోకుండా పెట్టాడు. మా తండాలో చెడిపోకూడనిది ఏదైనా ఇప్పసారాలోనే పెడతారు. కీళ్లనొప్పులకు వాడే వేర్లు అందులోనే, తేలుకాటు మందు అందులోనే. కుమార్ పాపం నీళ్లు కలపని, మొదట దిగిన సారా వెతికి తెచ్చి, సీసా నిండా పోసి, గుండెల దగ్గర పెట్టుకుని బండి మీద తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి మళ్లీ మూత పెట్టింది. ఆ కణాలు బతికి ఉంటేనే ల్యాబులో వాటిని పెంచి చూడగలరని, సారాలో అవి చచ్చిపోయాయని చెప్పింది. కుమార్ తల దించుకున్నాడు. "తప్పు నీది గాదు, నాది. ఎట్ల తేవాల్నో నేను చెప్పలే," అంది. నా కడుపు విషయంలో తప్పు నాది అన్న మొదటి మనిషి ఆమె. ఆ సీసాను ఇంటికి తీసుకొస్తే, అత్త అందులోంచి తీసి యథాప్రకారం పాతిపెట్టింది.

నాలుగోసారి నెల తప్పగానే డాక్టరమ్మ గట్టి మూత ఉన్న శుభ్రమైన సీసాలో సెలైన్ పోసి ఇచ్చింది. "దీని అక్కర పడొద్దని దేవుని మొక్కుత. పడితె మాత్రం దీంట్లనే పెట్టాలె. చుట్టూ ఐసు పెట్టాలె గని గడ్డకట్టొద్దు. రెండో రోజు సాయంత్రానికి హైదరాబాద్ ల్యాబుల ఉండాలె," అంది. కడుపులో బిడ్డ ఉండగానే ఆ బిడ్డ చావుకు సీసా దాచుకున్నదాన్ని నేను. రోజూ పెట్టె తెరవకుండా దాటిపోతూ నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఇప్పుడు పెట్టె తెరిచాను.

తొమ్మిది వారాలది. నేను చూశాను. ఎలా ఉందో ఇక్కడ రాయను, అది నాది. కానీ చూస్తే ఏమీ కాలేదు, కళ్లు పోలేదు. మూడుసార్లు చూడనివ్వనందుకు కోపం మాత్రం వచ్చింది. సీసాలో పెట్టి, మూత బిగించి, స్టీలు టిఫిన్ డబ్బాలో దింపి తలుపు తీశాను. అత్త డబ్బా వైపు చూసి గుడ్డను పక్కన పడేసింది.

"మట్టిల కలువాల్సినదాన్ని డబ్బాల పెట్టుకోని ఊర్లు తిరుగుతవా? నీకు మనుసెట్ల వస్తున్నదే?"

"మట్టిల మూడున్నయి. ఎందుకు పోయినవో ఒక్కటన్న చెప్పిందా?"

ఆమె పక్కకు తప్పుకుంది. పక్కింటి నీలి తన తమ్ముడి ఆటో పిలిపించి నన్ను మానుకోట చేర్చింది. డాక్టరమ్మ నన్ను చూసి, ఇంజెక్షన్ ఇచ్చి, నా రక్తం కూడా తీసుకుంది. డబ్బాను థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టి, రెండు రక్తం గొట్టాలు పక్కన పెట్టి టేపు వేసింది. మామూలు రోజైతే రైల్లో ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది. ఆ రెండు రోజులు రైల్ రోకో. పట్టాల మీద జనం వంటలు చేసుకుంటున్నారు. దారిలో వదిలేది పాలబండ్లను, అంబులెన్సులను మాత్రమే. అంబులెన్సులు రెండూ కాన్పు కేసుల మీద తిరుగుతున్నాయి.

పాలబండి ఐలయ్య రోజూ మధ్యాహ్నం క్యాన్లు వేసుకుని జనగామ పోతాడు. డాక్టరమ్మ అతనితో మాట్లాడింది. నన్ను మాత్రం మంచం దిగొద్దంది.

"పెట్టె ఒక్కటి పంపుదాం. నువ్వు పండుకో."

"తొవ్వల ఆపి గిదేందని అడిగితె ఐలయ్యన్న ఏమని చెప్తడు మేడం? నేనే పోత."

ఆమె నా ముఖం చూసి ఇంక వాదించలేదు. రక్తం ఎక్కువ పోతే ఎక్కడున్నా దగ్గర్లోని దవాఖానకు పోవాలని ఒట్టు వేయించుకుంది. ఐలయ్య తన సీటు పక్కన దుప్పటి మడత పెట్టాడు. తొర్రూరు, పాలకుర్తి మీదుగా పోయి స్టేషన్ ఘనపూర్ దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాం. పాలబండి అని రెండుచోట్ల చెయ్యి ఊపి వదిలేశారు. రఘునాథపల్లిలో వదల్లేదు.

అక్కడ రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టారు. ఒకవైపు టెంట్, ఇంకోవైపు పొయ్యిల మీద పెద్ద గుండిగలు. వందమంది పైనే ఉన్నారు. అంతకుముందు రోజు ఒకడు పాలబండిలో మనుషుల్ని కూర్చోబెట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్తూ దొరికాడట, అందుకని ఇవాళ ప్రతి బండినీ వెతుకుతున్నారు. హన్మంతు అనే బస్సు కండక్టరు అందరికీ పెద్దగా ఉన్నాడు. మెడలో గులాబీ కండువా. తలుపు తీసి నన్ను, పెట్టెను చూశాడు.

"ఏందక్క గిది? పాలబండ్ల నువ్వేంది, గీ పెట్టేంది?"

ఐలయ్య నా వైపు చూశాడు. దవాఖాన సామాను అని నేను అనొచ్చు. అలా అనమనే దారంతా ఐలయ్య చెబుతూ వచ్చాడు. కానీ మూడుసార్లు నాకు జరిగినదాన్ని గోడవైపు తిప్పి, గుడ్డలో చుట్టి, మెల్లగా మాట్లాడి దాచిపెట్టారు. ఆ దాపరికంలో నేను కూడా చెయ్యి కలపాలా అనిపించింది. తల పైకెత్తి గట్టిగానే చెప్పాను.

"పొద్దుగాల నాకు కడుపు పోయింది అన్నా. ఇది నాలుగోది. ఎందుకు పోతున్నదో ఎరుక కావాలని పరీక్షకు తీస్కపోతున్న. హైదరాబాద్ చేరాలె. సమ్మె నేను గూడ చేస్తున్న, కురవిల. సమ్మెకు ఎదురు తిరిగి రాలే. గీ పెట్టె ఆగితె మాత్రం నేను రోడ్డు దిగ."

మగవాళ్లు కొందరు చూపు తిప్పుకున్నారు. వెనక ఎవడో, "గిసువంటియి నలుగుట్ల చెప్పుకుంటరా," అని గొణిగాడు. నేను అటు తిరిగేలోపే పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒక ముసలవ్వ లేచి వచ్చింది.

"చెప్పుకోక ఏం జేస్తది బిడ్డా? నాయి రెండు పోయినయి. ఎందుకు పోయినయో ఇయ్యాల్టికి ఎరుకలేదు," అంది. ఆమె వెనక ఇంకొకామె, "నాది ఒకటి," అంది. నా వయసే ఉన్న ఇంకొక పిల్ల మూడువేళ్లు చూపించి మళ్లీ చెయ్యి కొంగులో దాచుకుంది. ఎవరూ అడగకుండానే చెప్పారు. పొయ్యిల దగ్గర పనిచేస్తున్న ఆడవాళ్లలో ఇంతమందికి ఇది జరిగిందని, అందరూ అదే గోడవైపు తిరిగి పడుకున్నారని అప్పుడే నాకు తెలిసింది.

హన్మంతు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అక్కా, పాలబండి జనగామ దాకనే పోతది. ఆడికెల్లి ఏం జేస్తవు?" అన్నాడు. నాకు తెలియదని చెప్పాను. "నువ్వు గీడ పండుకో. పెట్టె నేను పంపుత."

ఫోన్లు మొదలయ్యాయి. జనగామ టెంట్‌కి, ఆలేరు టెంట్‌కి, భువనగిరి టెంట్‌కి. ఒక తెల్ల పెట్టె బైకు మీద వస్తుంది, ఆపొద్దు, మీ దగ్గరినుంచి ఇంకొకరు అందుకోవాలి అని చెప్పాడు. టెంట్‌కో బైకు. ఎక్కడైతే దారి మూసి కూర్చున్నారో అక్కడి మనుషులే దారి తీశారు. హన్మంతు మొదటి బైకు తనే ఎక్కి, పెట్టెను ముందు పెట్టుకుని పోయాడు. ముసలవ్వ నన్ను టెంట్‌లో పడుకోబెట్టి పప్పన్నం పెట్టింది. సాయంత్రం ఆరింటికి ల్యాబు నుంచి సునంద మేడంకి, ఆమె నుంచి నాకు ఫోన్ వచ్చింది. పెట్టె చేరింది, ఐసు ఇంకా కరగలేదు అంది. రఘునాథపల్లిలో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ల మధ్య కూర్చుని నేను ఆ రోజు మొదటిసారి ఏడ్చాను.

బిడ్డలో తేడా కనబడితే అది ఎవరినుంచి వచ్చిందో చూడాలని డాక్టరమ్మ అంది, అందుకు ఇంక కావలసింది కుమార్ రక్తం. అతను భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేస్తాడు. నాకు జరిగింది ఫోన్‌లోనే విన్నాడు, ఏడ్చాడు, కానీ రక్తం మాట ఎత్తితే మాట మార్చాడు. పదిహేను రోజులు చూసి, ఒంట్లో కాస్త ఓపిక రాగానే, జీపులు మారుతూ నేనే భూపాలపల్లి పోయాను. బావి దగ్గర సమ్మె టెంట్‌లో ఉన్నాడు. బయటికి పిలిచి ఇద్దరం క్వార్టర్లవైపు నడిచాం.

"నా రక్తమెందుకు?" అన్నాడు. "నేను బావిల దిగుత, పన్నెండు మెట్లు ఎగబాకినట్టు పైకొస్త. ఒక్కనాడన్న జరమొచ్చి పండుకున్ననా?"

"నేను గూడ పండుకోలే. అయినా నాది తీసిన్రు."

కాసేపు నడిచాక ఆగాడు. "నా దాంట్లనే ఉన్నదని వస్తె?"

"వస్తె వస్తది. నాలుగేండ్ల సంది నా దాంట్లనే ఉన్నదన్నరు. నేను సచ్చిపోయిన్నా? బడికి పోతున్న, వండుతున్న, తింటున్న. నువ్వు గూడ గట్లనే బతుకుతవు."

"తండల నలుగుట్ల చెప్పకు."

"నేను చెప్ప. నువ్వే చెప్పు. ఢిల్లీని నిలదీస్తున్న మనిషివి, గింత సూదికి భయపడితె ఎట్ల?"

అతనికి నవ్వు వచ్చింది. నవ్వు వచ్చినందుకు కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కుమార్ చెడ్డవాడు కాదు. నన్ను ఎవరైనా అంటే లోపల బాధపడి బయట ఊరుకునే రకం. అలాంటి మంచితనంతో నేను విసిగిపోయి ఉన్నాను. మర్నాడు నన్ను బండి మీద ఎక్కించుకుని మానుకోట వచ్చి చెయ్యి చాపాడు.

దీపావళి దాటాక రిపోర్టులన్నీ కలిసి వచ్చాయి. అప్పటికి సమ్మె ముగిసి కుమార్ మళ్లీ బావిలోకి దిగాడు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, నేను టీచర్నని బడి భాషలోనే చెప్పింది. మనిషి ఒంట్లో ప్రతి కణంలో పుస్తకాలున్నట్టు అనుకో, ఇరవై మూడు జతలు, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి. కుమార్ పుస్తకాల్లో రెండింటి పేజీలు కొన్ని అటువి ఇటు, ఇటువి అటు కుట్టి ఉన్నాయి. మొత్తం మీద పేజీలన్నీ ఉన్నాయి కాబట్టి అతనికి ఏ లోటూ లేదు. బిడ్డకు ఇచ్చేటప్పుడు మాత్రం ప్రతి జతలో ఒక్కటే ఇస్తాడు. అప్పుడు కొన్ని పాఠాలు ఎక్కువైపోతాయి, కొన్ని అసలు ఉండవు. అలాంటి బిడ్డ నిలవదు. మా బడికి ఒక ఏడాది వచ్చిన మూడో తరగతి పుస్తకాల్లో నాలుగో తరగతి పేజీలు కుట్టి ఉన్నాయి, నాకు వెంటనే అర్థమైంది.

"మాటిమాటికి కడుపు పోయే జంటలు వందల ఉంటే మూడు నాలుగు జంటల్ల దొరుకుతది ఇది," అంది ఆమె. "నీ పుస్తకాలు సక్కగున్నయి. నువ్వు తిన్నదానికి, నడిసినదానికి, కూసున్నదానికి దీంతోని సంబంధం లేదు. ఆయన తప్పు గూడ లేదు. ఎవ్వరు చేసింది గాదు. ప్రతిసారి పోదు, మంచి పుస్తకాలు అందిన బిడ్డ నిలుస్తది. ఎప్పుడని నేను చెప్పలేను."

నాకు ముందు వచ్చింది సంతోషం. సిగ్గుపడకుండా రాస్తున్నాను. నేను కాదు, నేను కాదు అని లోపల ఎవరో ఎగురుతున్నారు. ఆ తర్వాతే కుమార్ ముఖం గుర్తొచ్చి ఆ ఎగరడం ఆగింది. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. ఇది కుమార్‌కు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండవచ్చు, మీ అత్తకు ఎన్ని పోయినయి అని. నాకు తెలియదు. ఆరేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఒక్కసారీ ఆ మాట రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే అత్త సమాధానం చెప్పకుండా బర్రెకు గడ్డి వేయడానికి లేచిపోయింది.

ఆదివారం పంచాయితీ. లచ్చిరాం కాకా ఇంటి ముందు మంచాల మీద మగవాళ్లు, వెనక అరుగు మీద ఆడవాళ్లు. మా మామ పోయి చాలా ఏళ్లయింది కాబట్టి మా ఇంటి తరఫున మాట్లాడాల్సింది కుమార్. ముందు రోజే ఫోన్‌లో రిపోర్టు సంగతి అంతా అతనికి చెప్పాను.

లచ్చిరాం కాకా గొంతు మెత్తగా పెట్టాడు. "సౌందర్య మంచి పిల్ల, సదువుకున్న పిల్ల. ఎవ్వరు పొమ్మంటలేరు. ఇంట్లనే ఉంటది. గార్లకెల్లి ఇంకో పిల్ల వస్తది, ఇద్దరు అక్కచెల్లెండ్ల తీరుగ ఉంటరు."

నేను కుమార్ వైపు చూశాను. అతను నేల వైపు చూస్తున్నాడు. చాలాసేపు ఆగాను. అతనికి ఇవ్వాల్సిన సమయం కంటే ఎక్కువే ఇచ్చాను. నేను చెప్పనని మాట ఇచ్చాను కానీ, పద్దెనిమిదేళ్ల పిల్లను నా చోట గోడవైపు పడుకోబెడతామంటే ఆ మాట నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు. లేచి నిలబడి కాగితం తీశాను.

"నా దాంట్ల ఏం లేదు. పరీక్ష చేసిన్రు. ఆయన రక్తంల ఉన్నది. ఎవ్వరి తప్పు గాదు. గని ఆయనకు పది పెండ్లిండ్లు చేసినా గిట్లనే అయితది. గార్ల పిల్లకు గూడ గిట్లనే అయితది."

ఒక్కసారిగా గోల మొదలైంది. మగోని రక్తంలో ఏముంటుంది అన్నాడొకడు. ఇంగ్లీషు కాగితంలో ఏమైనా రాసుకోవచ్చు అన్నాడొకడు. ఉద్యోగం చేసే ఆడదానికి నోరు ఇట్లనే లేస్తుంది అన్నాడు ఇంకొకడు. నేను వాళ్లందరి గొంతుల మీదుగా మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. అప్పుడు వెనక అరుగు మీదినుంచి అత్త దిగి వచ్చింది. మగవాళ్ల మంచాల మధ్యకు ఆమె రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గోల దానంతటదే తగ్గింది.

"లచ్చిరాం, నాకు ఏడు కాన్పులు," అంది. "కుమార్ ఒక్కడే దక్కిండు. ఆరు ఇట్లనే పోయినయి. అప్పుడు గూడ పంచాయితి పెట్టిన్రు. నీ అయ్య గా మంచం మీదనే కూసున్నడు. నాకు కడుపు నిలువది అని చెప్పి నా మొగనికి ఇంకో పిల్లను తెచ్చిన్రు. యాదున్నదా?"

నాకు మా మామ రెండో భార్య సంగతి తెలుసు. కష్టం చేయలేక పుట్టింటికి వెళ్లిపోయిందని మాత్రమే విన్నాను.

"గా పిల్లకు గూడ మూడు పోయినయి," అంది అత్త. "నా చేతులతోనే పాతిపెట్టిన. నాల్గోది పోకముందే దాన్ని గూడ గొడ్డుదని ఎల్లగొట్టిన్రు. ఇద్దరు ఆడోల్లను చూసిన్రు గని ఇద్దరికి మొగడు ఒక్కడే అని ఒక్కడన్న అన్నడా? మీరు గార్లకు పోతె పోండ్రి. మీకంటె ముందు నేను పోయి గా పిల్ల తల్లికి గీ ముచ్చట చెప్త."

కుమార్ అప్పుడు లేచాడు. తల్లి పక్కన నిలబడితే ఆమె భుజం దాకా ఉన్న పసివాడిలా కనిపించాడు, ఆరడుగుల మనిషి. "నా దాంట్లనే ఉన్నది కాకా," అన్నాడు. "నాకు ఎవ్వర్ని చూడకుండ్రి. మేమిద్దరం మల్ల చూస్తం. నిలిస్తె నిలుస్తది, లేకుంటె లేదు." ఈసారి నేల వైపు చూడకుండా చెప్పాడు. లచ్చిరాం కాకా కండువా దులుపుకుని, ఈ మాట ఇంతటితో ఆపుదాం అన్నాడు. జనం లేచి వెళ్లడం మొదలుపెట్టారు.

ఇంటికి ముగ్గురం నడిచాం. కుమార్ ముందు పోతున్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని నన్ను వెనకకు ఆపింది. అరవై ఏళ్ల మనిషి, నా ముఖంలోకి చూడకుండా అడిగింది.

"ఆరుగుర్ని నేను సంపుకోలే అన్నట్టేనా?"

"సంపుకోలే యాడీ. నువ్వేం చెయ్యలే."

"పొలంల బరువు ఎత్తినందుకన్నరు నన్ను. నలభై ఏండ్లు గదే అనుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపు నన్ను గూడ గా డాక్టరమ్మ కాడికి తీస్కపో. నా రక్తం గూడ తియ్యమను. నా పేరు రాసి ఒక కాయితం ఇయ్యమను."

"నీ దాంట్లనే ఉన్నదని వస్తె?" అన్నాను. అడగకూడదనుకున్నా, ముందే చెప్పడం న్యాయం అనిపించింది.

"వస్తె రానీ. తప్పు గాదంటున్నవు గద. ఉన్నదో లేదో చూసుకోని సస్త," అంది. మర్నాడు పొద్దున్నే, నేను లేవకముందే, ఉతికిన బట్టలు కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.